సీమ మాట విందము

రాయలసీమ యనగానే నాటుబాంబులను, వేటకొడవళ్లను తలచుకొనుట మనకు అలవాటైనది. కొన్ని గ్రామములలో ముఠాకక్షలు సాగినమాట నిజమే. కాని ఆ కొన్ని కుటుంబముల పగను వెండితెర సీమ స్వభావముగా చూపినది. ఆ నింద, చదువుకై నగరమునకు వచ్చిన సీమబిడ్డల యాసపై పడుచున్నది.

ఆ పలుకు నేటిది కాదు. మనకు లభించిన తొలి తెలుగు శాసనములలో నొకటి, 6వ శతాబ్దినాటి కలమళ్ల శాసనము, కడప జిల్లాలోనిదే. అన్నమయ్య పుట్టిన తాళ్లపాకయు, తోలుబొమ్మలకు పేరొందిన నిమ్మలకుంటయు ఆ సీమవే.

1800లో నిజాము కుంపిణీకి అప్పగించినందున ఆ నేలకు దత్తమండలములను పేరు అంటినది. 1928 నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచించిన ‘రాయలసీమ’ను ప్రజలు తమ పేరుగా చేసికొనిరి. పేరును వారు మార్చుకొనిరి. తలపును మనము మార్చుకొనవలెను. సీమవారు ఎదురైనపుడు కక్షలను గాక, వారి పంటను, పాటను గూర్చి అడుగుదము.