కాపీలెఫ్ట్ లైబ్రరీలు: వాడుకునే సంస్థల బాధ్యతలు

సాఫ్ట్‌వేర్ సంస్థలు ప్రతి ప్రోగ్రామును మొదటి నుంచి రాయవు. ఇతరులు రాసి అందుబాటులో ఉంచిన 'లైబ్రరీ'లను, అనగా సిద్ధంగా ఉన్న కోడ్ భాగాలను, తమ ప్రోగ్రాములో చేర్చుకోవడం పరిపాటి. వీటిలో అనేకం ధర లేకుండానే లభిస్తాయి. ధర లేదు గనుక షరతులు కూడా లేవని తలచడం పొరపాటు.

కాపీలెఫ్ట్ విధానంలో రచయిత తన కాపీరైట్‌ను వదులుకోడు. ఎవరైనా వాడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. పంచేవారు అదే స్వేచ్ఛను అందుకునేవారికీ ఇవ్వాలని మాత్రం నిబంధన విధిస్తాడు.

అమెరికాకు చెందిన సిస్కో సంస్థ 2003లో రూటర్ల తయారీ సంస్థ లింక్‌సిస్‌ను కొనుగోలు చేసింది. లింక్‌సిస్ రూటర్లలో లినక్స్ వంటి కాపీలెఫ్ట్ ప్రోగ్రాములు ఉన్నప్పటికీ వాటి సోర్స్ కోడ్ కొనుగోలుదారులకు అందడం లేదని ఆ సంవత్సరమే వెల్లడైంది. విమర్శల అనంతరం కొంత కోడ్ విడుదలైంది. దాని ఆధారంగా 2004లో మొదలైన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ నేటికీ కొనసాగుతుండటం విశేషం. అయితే వివాదం అంతటితో ముగియలేదు. 2008 డిసెంబరులో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ న్యూయార్కు ఫెడరల్ న్యాయస్థానంలో సిస్కోపై దావా వేసింది. రీడ్‌లైన్, గ్నూ సి లైబ్రరీ ఆ దావాలో పేర్కొన్నవే. 2009 మే నెలలో రాజీ కుదిరింది. నిబంధనల అమలును పర్యవేక్షించేందుకు ఒక డైరెక్టరును నియమించడానికి, ఫౌండేషన్‌కు విరాళం ఇవ్వడానికి సిస్కో అంగీకరించింది.

పై రెండు లైబ్రరీల లైసెన్సులు ఒకటి కావు. రీడ్‌లైన్‌కు జీపీఎల్ వర్తిస్తుంది. దానితో ముడిపడిన ప్రోగ్రామును ఇతరులకు ఇస్తే, ప్రోగ్రాము మొత్తానికీ జీపీఎల్ వర్తింపజేసి సోర్స్ కోడ్ అందజేయాలి. గ్నూ సి లైబ్రరీకి ఎల్‌జీపీఎల్ వర్తిస్తుంది. ఇక్కడ సంస్థ తన కోడ్‌ను గోప్యంగా ఉంచుకోవచ్చును. కానీ లైబ్రరీ సోర్స్ కోడ్ అందించాలి. వినియోగదారుడు లైబ్రరీని మార్చి తిరిగి జోడించుకునే వీలు కల్పించాలి. సోర్స్ కోడ్ వెంట ఇవ్వలేని పక్షంలో, 1991 నాటి జీపీఎల్ రెండవ సంచిక ప్రకారం కనీసం మూడేళ్లు చెల్లే లిఖితపూర్వక హామీ ఇవ్వవచ్చును.

నిబంధన తప్పితే రెండవ సంచిక కింద లైసెన్సు దానంతటదే రద్దవుతుంది. ఆపై పంచిన ప్రతి నకలూ కాపీరైట్ ఉల్లంఘనే. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనగానే పరిగణిస్తుంది. కథకు, కావ్యానికి ఉన్న రక్షణ దానికీ కలదు.

సంస్థ తన లోపలే వాడుకుంటే ఈ బాధ్యతలు వర్తించవు. నకలు చేతులు మారినప్పుడే మొదలవుతాయి. ఒక కార్యాలయానికి రాసి ఇచ్చిన ప్రోగ్రాములో జీపీఎల్ లైబ్రరీ ఉన్నట్లయితే, ఆ కార్యాలయానికి సోర్స్ కోడ్ అందవలసి ఉంటుంది. ప్రోగ్రాముతో పాటే దానిని అప్పగించినట్లయితే, వేరుగా లోకానికంతటికీ ప్రకటించవలసిన పని లేదు.