సిగ్నల్ ఉన్నా వేలిముద్ర పడదు

గిరిజనులకు డిజిటల్ సేవలంటే ప్రభుత్వాలకు ముందుగా కొండలే గుర్తొస్తాయి. 2022 జూలైలో కేంద్రం 26,316 కోట్ల రూపాయలతో ఆమోదించిన 4జీ పథకం సిగ్నల్ అందని ఊళ్ల కోసమే. మన్యానికి అది అవసరమే. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టూ కాలవగట్ల మీద బతికే యానాదుల సంగతి వేరు. సెల్ టవరు వాళ్ల గుడిసె ముందు నుంచే కనిపిస్తుంది. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ మరీ వెనుకబడినవిగా గుర్తించిన తెగలకే కాబట్టి, అదీ వాళ్లకు వర్తించదు.

వాళ్ల చిక్కు మొదలయ్యేది కాగితం దగ్గర. గుడిసెలో కాన్పయి, జననం నమోదు కాకుండా ఏడాది దాటిందంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆ పత్రం లేని బిడ్డకు ఆధార్ కష్టం, ఆధార్ లేకపోతే మిగతావన్నీ కష్టం. 2025 జనవరి 30న మొదలైన రాష్ట్ర ప్రభుత్వ 'మన మిత్ర' వాట్సాప్‌లోనే 161 సేవలు ఇస్తామంది. మంచి ఆలోచనే, కాని ఫోనూ, గుర్తింపూ ఉన్నవాళ్లకి.

ఆధార్ వచ్చాక కూడా వేలిముద్ర సతాయిస్తుంది. ఆప్టికల్ యంత్రం గాజుపలక కింద నుంచి కాంతిని పంపుతుంది. వేలి మీది గట్లు గాజుకు తగిలినచోట ఆ కాంతి చెదురుతుంది. గట్ల మధ్య చాళ్లలో గాలి ఉంటుంది గనుక అక్కడ పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. ఆ తేడాతో ఏర్పడిన బొమ్మలో రేఖలు ఆగినచోట్లనూ చీలినచోట్లనూ సాఫ్ట్‌వేర్ పోల్చుకుంటుంది. నిజాంపట్నం మడల్లో పీతలు పట్టే చేతికి బురదా, వలతాడూ కలిసి ఆ గట్లను అరగదీస్తాయి. పైగా నీళ్లలో నానిన వేళ్లు ముడతలు పడతాయి. నీరు పీల్చుకోవడం వల్ల అనుకుంటాం గాని, నరాలు రక్తనాళాలను బిగించడం వల్ల అలా జరుగుతుంది. నరం తెగిన వేలు నానినా ముడత పడదు!

రేఖల మూలం చర్మం లోపలి పొరలో ఉంటుంది. అందుకే కొన్నాళ్లు పని మానేస్తే అవి మళ్లీ తేరుకుంటాయి. రోజుకూలీకి ఆ సెలవెవరిస్తారు? నమోదులో పదివేళ్లతో పాటు రెండు కనుపాపలూ తీసుకుంటారు. కనుపాప పనికి అరగదు. కానీ చాలాచోట్ల వేలి యంత్రమే ఉంటుంది. శిబిరాలు పెట్టే అధికారులు ఐరిస్ యంత్రాన్ని వెంట తీసుకెళ్లాలి. వేళ కూడా ఆఫీసు గంటలను బట్టి కాక, పోటుపాటులను బట్టి, వేటకు పోకముందు చేతులు పొడిగా ఉన్నప్పుడు పెట్టాలి.