శిశువు కన్ను చిన్నదైనప్పుడు

ఊరిలో పుట్టిన శిశువుకు ఒక కన్నుగాని, రెండు కన్నులుగాని మిక్కిలి చిన్నవిగా నున్నవని, రెప్పలు సరిగా విచ్చుకొనుట లేదని పంచాయతీ సభ్యులకు తెలిసినచో చేయవలసిన పని యొకటి కలదు. అది తొలి వారములలోనే చేయవలసిన పని.

దీనిని వైద్యులు మైక్రోఫ్తాల్మియా అందురు. ఇది అరుదు; 10,000 కాన్పులలో ఒకటి రెండు మాత్రమే.

గర్భమున కన్నులు రూపొందుట తొలి రెండు నెలలలోనిది. తాను నెల తప్పితినని తల్లి రూఢిగా నెరుగకమునుపే ఆ పని మొదలగును. పెక్కు సందర్భములలో జన్యువులలోని మార్పు కారణము. తల్లిదండ్రు లిరువురును ఆరోగ్యవంతులై యుండగనే ఇట్లు జరుగవచ్చును. మేనరికములలో కొన్ని జన్యులోపములు బయటపడుట కవకాశ మెక్కువ. మరియొక కారణము రుబెల్లా. 1941లో ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్, పుట్టుకతో శుక్లములున్న శిశువుల తల్లులలో అత్యధికులకు గర్భారంభమున ఈ జ్వరము వచ్చినట్లు గుర్తించెను. ఆ శిశువులలో పలువురి కన్నులు చిన్నవి కూడ. తల్లికి మాత్రము అది దద్దురుతో కూడిన స్వల్పజ్వరమే!

గ్రహణమునాడు గర్భిణి బయటికి వచ్చుటవలనగాని, కత్తిపీట ముట్టుటవలనగాని ఇది కలుగదు. అయినను కోడలిని నిందించుచు, తాయెత్తులు కట్టించుచు కాలము గడపు ఇండ్లు లేకపోలేదు. ఆ కాలమే శిశువుకు నష్టము. ఏలయన, కంటిగుంట యెముక కనుగ్రుడ్డు ననుసరించి పెరుగును. గ్రుడ్డు చిన్నదైనచో గుంటయు, ఆ వైపు ముఖమును ఎదుగవు. అందుచే వైద్యులు రెప్పల లోపల చిన్న ప్లాస్టిక్ తొడుగు నమర్చి, బిడ్డ పెరిగినకొలది పెద్దదానిని మార్చుచుందురు. ఇది చూపు నిచ్చునది కాదు, ముఖమును ఎదుగనిచ్చునది. కొందరు శిశువుల చిన్న కంటిలోను చూపుండును. దానిని కండ్లద్దములతోను, శుక్లమున్నచో శస్త్రచికిత్సతోను కాపాడవలెను. వినికిడిని, ఇతరావయవములను గూడ పరీక్షింపజేయుట అవసరము.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ఇట్టి పుట్టుకలోపములను కనిపెట్టి చికిత్సకు పంపుటకే ఏర్పడినది. ఆశా కార్యకర్త ద్వారా బిడ్డను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకును, అచ్చటినుండి జిల్లా ఆసుపత్రికిని చేర్పింపుడు. బాలింత ప్రయాణమునకు ఇంటివారు సంకోచించినచో సభ్యులు స్వయముగా వెళ్లి నచ్చజెప్పుట మేలని మా అభిప్రాయము.

రుబెల్లాకు టీకా కలదు. తట్టు టీకాతో కలిపి 9 నుండి 12 నెలల నడుమ ఒకమారు, 16 నుండి 24 నెలల నడుమ మరొకమారు ఇత్తురు. గర్భిణికి ఈ టీకా వేయరాదు. ఆమెకు రక్షణ చుట్టునున్న పిల్లలకు వేయించుటలోనే యున్నది. టీకా తప్పిన పిల్లల పేర్లు ఆరోగ్య కార్యకర్తవద్ద నుండును. వచ్చు సమావేశమున అడిగి చూడుడు.