గేజి కలవని యంత్రాలు

గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం మీదుగా గుంతకల్లు వెళ్ళే రైలు దారి ఒకప్పుడు మీటరు గేజి. అంటే పట్టాల మధ్య దూరం సరిగ్గా ఒక మీటరు. తెనాలి మీదుగా మద్రాసు పోయే పెద్ద లైను బ్రాడ్ గేజి. అక్కడ పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. అందుచేత ఒక దారిలో వచ్చిన పెట్టె రెండో దారి మీదికి ఎక్కేది కాదు. సరుకంతా దించి, వేరే పెట్టెలోకి ఎక్కించవలసిందే. పెట్టె మంచిదే, పట్టాలూ మంచివే. కాని ఒకదానికొకటి పొసగవు. 1990లలో గుంతకల్లు దారిని బ్రాడ్ గేజిగా మార్చాక ఈ అవస్థ తీరింది. మీ తాతగారిని అడిగి చూడండి, చెబుతారు.

కంప్యూటర్లలో కూడా ఇటువంటి గేజి తేడా ఉన్నది. దానివల్ల బాగా ఇబ్బంది పడేవారిలో ఆర్కిటెక్టులు, అంటే భవనాలకు నమూనాలు తయారుచేసేవారు, ముఖ్యులు.

పూర్వం ఈ చిక్కు లేదు. 1816లో కర్నల్ మెకంజీ అమరావతికి రెండోసారి వచ్చినప్పుడు చిత్రకారులను, సర్వే చేసేవారిని వెంటబెట్టుకు వచ్చాడు. వాళ్ళు స్తూపాన్ని కొలిచి, శిల్పాలను ఒక్కొక్కటే కాగితం మీద గీశారు. స్తూపంలోని రాళ్ళు చాలా భాగం చెదిరిపోయాయి గాని, ఆ బొమ్మలు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఇప్పటికీ ఉన్నాయి. కాగితం ఎవరి బల్లమీద పరిచినా ఒకటే! అదే అమరావతి పక్కన కొత్త రాజధానికి 2015లో శంకుస్థాపన జరిగింది. ఈ కాలపు భవనాల పటాలు పుట్టేది కాగితం మీద కాదు, కంప్యూటరులో.

ఎలా పుడతాయో తెలుసా? గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల శీతల గిడ్డంగులు మీరు చూసే ఉంటారు. అటువంటి గిడ్డంగి ఒకటి కట్టాలనుకోండి. కాగితం మీదైతే ఒక గోడను రెండడుగులు జరపగానే పై నుంచి చూసే పటం, పక్క నుంచి చూసే పటం, కోసి చూపించే పటం అన్నీ మళ్ళీ గీయాలి. రెవిట్ అనే ప్రోగ్రాములో అయితే ఒక్కచోట జరిపితే చాలు. మిగిలిన పటాలన్నీ వాటంతట అవే మారతాయి. ఎన్ని తలుపులున్నవో లెక్క కూడా అదే చూపుతుంది. ఇది 2000 సంవత్సరంలో వచ్చింది. 2002లో ఆటోడెస్క్ కంపెనీ దాన్ని కొనేసింది. పెద్ద పెద్ద ఆర్కిటెక్టు ఆఫీసులు ఎన్నో ఇవాళ దీనిమీదనే పనిచేస్తున్నాయి.

అయితే రెవిట్ నడిచేది విండోస్ ఉన్న కంప్యూటర్ల మీద మాత్రమే. ఆపిల్ కంపెనీవారి మాక్‌కు ఇంతవరకు రెవిట్ రానేలేదు.

ఎందుచేత? ప్రోగ్రాము తనంతట తాను తెరమీద గీత గీయలేదు. "ఇక్కణ్ణించి అక్కడికి గీత గియ్యి," "ఈ ఫైలు దాచు," అని కంప్యూటరును నడిపించే వ్యవస్థను అడుగుతుంది. విండోస్‌ను అడిగే పద్ధతి వేరు, మాక్‌ను అడిగే పద్ధతి వేరు. ఒక పెద్ద ప్రోగ్రాములో ఇటువంటి అడగడాలు లెక్కలేనన్ని ఉంటాయి. రెండో యంత్రానికి కావాలంటే వాటినన్నిటినీ మళ్ళీ రాయాలి, పరీక్షించాలి, ఏటేటా రెండింటినీ సాకాలి. ఆఫీసుల్లో విండోసే ఎక్కువగా ఉండటంతో, అంత ఖర్చు గిట్టదని కంపెనీలు అనుకుంటాయి. మాక్‌లో ప్రోగ్రాము లేదు గనక ఆర్కిటెక్టులు మాక్ కొనరు. ఆర్కిటెక్టులు కొనరు గనక ప్రోగ్రాము రాదు! ఈ తిరుగుడులో కంపెనీకి పెద్ద నష్టం లేదు. నష్టపడేది వాడుకునేవాడే.

అదే కంపెనీవారి ఆటోకాడ్ కథ చూడండి. అది 1982లో వచ్చింది. కొంతకాలం మాక్‌కు కూడా ఇచ్చారు. 12వ కూర్పుతో ఆపేశారు. మాక్ మీద పని నేర్చినవాళ్ళ గతి ఏమిటి? యంత్రమన్నా మార్చుకోవాలి, ప్రోగ్రామన్నా మార్చుకోవాలి. తిరిగి 2010లో గాని మాక్‌కు ఆటోకాడ్ రాలేదు.

చిత్రమేమిటంటే, ఆర్కిటెక్టుల ప్రోగ్రాముల్లో పేరుపొందిన మరొకటి ఆపిల్ యంత్రం మీదనే పుట్టింది. హంగెరీలో గాబోర్ బోయార్ అనే ఆయన 1982లో గ్రాఫిసాఫ్ట్ అనే చిన్న సంస్థను ప్రారంభించాడు. అప్పుడా దేశం కమ్యూనిస్టు పాలనలో ఉండేది. మంచి కంప్యూటరు సంపాదించడమే గగనం. ఆపిల్‌వారు ఆ సంస్థ పనితనం చూసి చేయూతనిచ్చారు. 1984లో ఆపిల్‌వారి లీసా యంత్రం మీద వాళ్ళ ప్రోగ్రాము నడిచింది. అదే నేటి ఆర్కికాడ్. ఇప్పుడది మాక్ మీదా, విండోస్ మీదా కూడా పనిచేస్తుంది. స్టీవ్ జాబ్స్ చనిపోయిన 2011లోనే బోయార్ బుడాపెస్టులో ఆయన కంచు విగ్రహం పెట్టించాడు. కాబట్టి రెండు యంత్రాలకూ ప్రోగ్రాము రాయడం అసాధ్యమేమీ కాదన్నమాట. మనసుండాలి, ఖర్చుకు వెనుదీయకూడదు.

మధ్యలో కొంతకాలం మాక్ వాళ్ళకు ఒక ఉపాయం దొరికింది. 2006లో ఆపిల్ తన యంత్రాలలో ఇంటెల్ చిప్పులు పెట్టింది. బూట్ క్యాంప్ అనే సాధనంతో అదే మాక్‌లో విండోస్‌ను కూడా పెట్టుకుని, హాయిగా రెవిట్ నడుపుకునేవారు. 2020 నవంబరులో ఆపిల్ తన సొంత చిప్పులతో మాక్‌లు తెచ్చింది. చిప్పుకు అర్థమయ్యే భాషే మారిపోయింది! ఈ కొత్త మాక్‌లలో బూట్ క్యాంప్ లేదు. మాక్ లోపలే ఒక ఉత్తుత్తి కంప్యూటరును సృష్టించి అందులో విండోస్ పెట్టి నడిపేవాళ్ళు ఉన్నారు గాని, అక్కడ రెవిట్ మొరాయిస్తే కంపెనీ పూచీ పడదు.

ఒకరి ఫైలు మరొకరు తెరవడానికి ఐ.ఎఫ్.సి. అని అందరికీ పనికివచ్చే పద్ధతి ఒకటి ఉన్నది. దీని ద్వారా రెవిట్‌లో గీసిన గిడ్డంగిని ఆర్కికాడ్‌లో చూడవచ్చు. కాని గోడను జరిపితే తలుపు కూడా జరగాలన్న తెలివి చాలావరకు దారిలో జారిపోతుంది. సరుకు దించి ఎక్కించేటప్పుడు బేళ్ళు కొన్ని చిరగడం లాంటిదే ఇది.

మీలో ఎవరైనా విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లోనో, మరొకచోటనో చేరాలని అనుకుంటూ ఉండవచ్చు. చదువు అయిదేళ్ళు. పత్తో మిరపకాయలో అమ్మిన డబ్బుతో నాన్నగారు కంప్యూటరు కొనిపెడతానంటే, వెంటనే దుకాణానికి పరుగెత్తకండి. ముందు కాలేజీలో పై తరగతివాళ్ళను కలుసుకుని, ఏ ఏడు ఏ ప్రోగ్రాము నేర్పుతారో కాగితం మీద రాసుకోండి. అందులో రెవిట్ గాని, 3డిఎస్ మాక్స్ గాని ఉంటే విండోస్ యంత్రమే కొనండి. స్కెచప్, రైనో, ఆర్కికాడ్ మాత్రమే ఉంటే మాక్ అయినా ఫరవాలేదు. ప్రోగ్రాముకు వేరే డబ్బు పోయాలేమోనని నాన్నగారు భయపడితే, ఆటోడెస్క్‌వారు విద్యార్థులకు రెవిట్‌ను ఉచితంగానే ఇస్తున్నారని చెప్పండి.