ఆరు రెండు వందలయ్యాయి, మరి అడవి?

జూలో జంతువును పుట్టించడం కంటే అడవిలో నిలబెట్టడం కష్టం. అందుకు ఉదాహరణ మన తెలంగాణలోనే ఉంది. 2010లో హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో, సీసీఎంబీకి చెందిన లాకోన్స్ (అంతరించిపోతున్న జీవుల సంరక్షణ ప్రయోగశాల) శాస్త్రవేత్తల తోడ్పాటుతో మూషిక జింకల పెంపకం మొదలైంది. తొలి మందలో ఉన్నవి ఆరే. ఏడేళ్లలో రెండు వందలు దాటాయి.

మూషిక జింకది అడుగు ఎత్తు, రెండు నుంచి నాలుగు కిలోల బరువు. కొమ్ములుండవు, మగదానికి చిన్న కోరలుంటాయి. పగలంతా చెట్టు తొర్రల్లో, బండల సందుల్లో దాక్కుని, చీకటి పడ్డాక రాలిన పండ్లు, చిగుళ్లు వెతుక్కుంటుంది. చూలు ఐదు నెలలు, సాధారణంగా ఈతకు ఒక పిల్ల. ఈనిన కొద్ది గంటల్లోనే మళ్లీ చూలు కట్టగలదు. ఏడాదికి రెండు ఈతలంటే మంద పెరగడానికి ఎంతో కాలం పట్టదు.

చైనా పాండా సంగతి వేరు. అది ఎదకు వచ్చేదే ఏడాదికి ఒకసారి, అదీ రెండు మూడు రోజులు. పుట్టిన కూన బరువు 100 గ్రాములు. అయినా పట్టుదలగా పెంచి, 2023 నాటికి ప్రపంచవ్యాప్తంగా సంరక్షణలో ఉన్న పాండాల సంఖ్యను 728కి చేర్చారు. కానీ అడవికి వదిలినవి డజను దరిదాపు మాత్రమే. 2006లో మొదట వదిలిన షియాంగ్ షియాంగ్ అనే మగ పాండా అడవి పాండాలతో తగాదాపడి, ఏడాది తిరక్కుండానే చనిపోయింది. ఆ తర్వాత పద్ధతి మార్చారు. కూనను తల్లి దగ్గరే పెంచారు, సంరక్షకులు పాండా వేషం వేసుకుని వెళ్లారు. అలా పెరిగిన తావో తావోను 2012 అక్టోబరులో వదిలారు.

ఇంతకంటే ముఖ్యమైన అంకె మరొకటి ఉంది. 1980ల సర్వేలో 1,114గా ఉన్న అడవి పాండాలు నాలుగో సర్వే నాటికి 1,864 అయ్యాయి. ఈ పెరుగుదల బోనుల నుంచి రాలేదు. 1998 తర్వాత సహజారణ్యాల్లో చెట్ల నరికివేత ఆపడం, రక్షిత ప్రాంతాల సంఖ్యను 67కు పెంచడం ఇందులో పెద్ద పాత్ర వహించాయి. నన్ను ఆలోచింపజేసేది ఇదే.

మన మూషిక జింకలను 2017లో అమ్రాబాద్ టైగర్ రిజర్వుకు తీసుకెళ్లారు. తొలి విడతలో రెండు మగవి, ఆరు ఆడవి. నేరుగా వదిలేయకుండా, అక్కడి గాలికి, మేతకు అలవాటు పడేందుకు ముందు కంచె వేసిన ఆవరణలో ఉంచారు. అమ్రాబాద్ విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు.

ములుగు జిల్లాలోని ఏటూరునాగారం అభయారణ్యం 806 చదరపు కిలోమీటర్లు. 1950ల తొలినాళ్ల నుంచి రక్షిత అడవి. ఇక్కడికీ ఈ జింకలను తేవచ్చా? తేవాలనే నా కోరిక. అయితే 2024 ఆగస్టు 31న సుడిగాలికి ఈ అడవిలోనే తాడ్వాయి, మేడారం మధ్య 50,000కు పైగా చెట్లు నేలకూలాయి. పెద్ద చెట్టు పడిపోతే దాని తొర్ర కూడా పోయినట్టే, నీడా పోయినట్టే. ఆ రెండూ లేకుండా మూషిక జింక పగలు గడపడం కష్టం. రెండేళ్లకోసారి మేడారం జాతరకు కోటి మందికి పైగా భక్తులు వస్తారని అధికారుల అంచనా. ఆ దారి ఈ అడవి మీదుగానే. జనం వెళ్లాక మిగిలే చెత్తకు కుక్కలు చేరితే, కొద్ది కిలోల బరువున్న ఈ జీవి వాటికి సులువైన వేట. ఉచ్చులు, పందుల కోసం పరిచే కరెంటు తీగలు సరేసరి.

కాబట్టి జింకల బండి కంటే ముందు రావలసినవి ఉన్నాయి. వాగుల వెంట కెమెరాలు పెట్టి అసలు ఇక్కడ మూషిక జింకలు మిగిలాయో లేదో చూడాలి. అడవి కాలిబాటలు తెలిసిన కోయ యువకులకు ఏడాది పొడవునా జీతమిచ్చి ఉచ్చులు ఏరించాలి. ఆరింటితో మొదలైన మందలో దగ్గరి రక్తం కలిసిపోకుండా, ఇక్కడికి పంపే ప్రతి జింక వంశావళిని డీఎన్ఏతో సరిచూడాలి. ఇవన్నీ అయ్యాకే ఎన్ని జింకలను తేవాలో లెక్క వేసుకోవచ్చు.