ఘాట్ ఎక్కిన బ్యాటరీకి వెంటనే ప్లగ్ వద్దు

2022 ఏప్రిల్‌లో విజయవాడలో, ఇంట్లో చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీ పేలి ఇంటి యజమాని చనిపోయాడు. అప్పటినుంచి చాలామంది అడుగుతున్నారు, ఇన్వర్టర్ బ్యాటరీకి లేని ఈ మంటల భయం దీనికే ఎందుకని.

తేడా లోపలి ద్రవంలో ఉంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేది నీళ్లు కలిసిన యాసిడ్. ఆ ద్రవం మండదు. స్కూటరులో ఉండే లిథియం బ్యాటరీలో నీళ్లు పనికిరావు. ఎథిలీన్ కార్బనేట్, డైమిథైల్ కార్బనేట్ లాంటి ద్రావకాల్లో లిథియం లవణాన్ని కరిగించి పోస్తారు. అవి మండే రకం.

మరి రోజూ ఎందుకు అంటుకోవు? కొత్త సెల్‌ను ఫ్యాక్టరీలో మొదటిసారి చార్జ్ చేసినప్పుడు ఆ ద్రవంలో కొంత విరిగి, పాల మీద మీగడలా, రుణధ్రువమైన గ్రాఫైట్ మీద పొర కడుతుంది. మందం నానోమీటర్లలోనే. లిథియం అయాన్లను పోనిస్తుంది, ద్రవాన్ని మాత్రం గ్రాఫైట్ దగ్గరికి రానివ్వదు. సెల్ బాగా వేడెక్కితే, దాదాపు 80 నుంచి 120 డిగ్రీల మధ్య, ముందు చెడేది ఈ పొరే. అక్కణ్నుంచి లిథియం, ద్రవం నేరుగా కలబడి ఇంకా వేడి పుట్టిస్తాయి. 130 డిగ్రీల దగ్గర రెండు ధ్రువాల మధ్య ఉండే పాలిథీన్ తెర కరుగుతుంది. ఆపైన ఆపడం కష్టం.

అందుకే ద్రవంలో నూటికి ఒకటి రెండు పాళ్లు వినైలీన్ కార్బనేట్ కలుపుతారు. ద్రావకం కంటే ముందే అది విరిగి, గట్టి పొర కడుతుంది. చార్జింగ్ హద్దు మీరితే అడ్డుపడేది బైఫినైల్ అనే మరో రసాయనం. మంటనే అణిచే ఫాస్ఫేట్లూ ఉన్నాయి గానీ, అవి పనిచేయాలంటే చాలా కలపాలి. అంత కలిపితే ద్రవం చిక్కబడుతుంది, గ్రాఫైట్ దెబ్బతింటుంది, బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. నన్నడిగితే, మన ఎండలకు కాస్త ఆయుష్షు వదులుకున్నా నష్టం లేదు. కొనేవాళ్లు మైలేజీ ఒక్కటే అడుగుతుంటే కంపెనీలు అటు ఎందుకు చూస్తాయి?

అందాకా జాగ్రత్త మన చేతిలోనే. స్కూటరు మీద దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు బ్యాటరీ ఎక్కువ కరెంటు ఇవ్వాలి, దాంతో వేడెక్కుతుంది. కర్నూలు ఎండ 40 దాటిన రోజు ఆ వేడి త్వరగా దిగదు. పైకి చేరగానే ప్లగ్ పెట్టకండి. దర్శనం చేసుకుని వచ్చాక, బ్యాటరీ పెట్టె చేతికి చల్లగా తగిలితే అప్పుడు పెట్టండి. అదీ ఆరుబయట, సత్రం గదిలో కాదు.