గంజి ఏ పుటలో ఉంది?

సూరత్‌లోని లింబాయత్‌లో పొద్దున్నే తలుపు తీస్తే ముందు వినిపించేది పవర్‌లూమ్‌ల చప్పుడు. వరంగల్, కరీంనగర్, నల్గొండ వైపు నుంచి మావాళ్లు తరాలుగా ఈ మగ్గాల పనికే ఇక్కడికి వచ్చారు. నగరపాలక సంస్థ ఈ ఊళ్లో తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. వలస మూటల్లో పుస్తకాలకు చోటు తక్కువే. అయినా ఏళ్లు గడిచేసరికి మా ఇంట్లో ఒక బీరువా నిండింది. కొన్ని అచ్చు పుస్తకాలు, ఇంకొన్ని స్కాన్ చేసి కంప్యూటర్‌లో దాచుకున్నవి.

మొన్న ఒక కథ కోసం మూడు సాయంత్రాలు వెతికాను. వీధి పొడవునా పడుగు సాగదీసి, తెల్లవారకముందే గంజి పట్టిస్తుంటారు. మబ్బు కమ్ముతుంటే ఆడవాళ్లు ఆకాశం వైపు చూస్తుంటారు. ఇంతే గుర్తుంది. కథ పేరు లేదు, రాసినవారి పేరు లేదు. చివరికి ఆ పని ఒక ఏఐ ఏజెంట్‌కు అప్పగించాను. అది బీరువాలోకి ఎలా దూరిందో చెప్పాలంటే మగ్గం దగ్గర మొదలుపెట్టాలి.

జకార్డ్ మగ్గం పైన చిల్లులు పొడిచిన అట్టలు గొలుసుకట్టుగా తిరుగుతాయి. చిల్లు ఉన్నచోట సూది లోపలికి పోతుంది, దాని కొక్కెం పడుగు పోగును పైకెత్తుతుంది. చిల్లు లేనిచోట పోగు కిందే ఉండిపోతుంది. 1804లో జోసెఫ్ మరీ జకార్డ్ ఫ్రాన్స్‌లో ఈ ఏర్పాటుకు రూపమిచ్చాడు. దాదాపు 24,000 అట్టలతో నేసిన ఆయన పట్టు చిత్రపటం ఒకటి గణితవేత్త చార్లెస్ బాబేజ్ దగ్గర ఉండేది. తాను తలపోసిన గణన యంత్రానికీ బాబేజ్ అట్టలనే ఎంచుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హాలరిత్ చిల్లుల కార్డులతోనే లెక్కగట్టాడు. బట్టలో పువ్వు ఎక్కడ పడాలో చెప్పిన ‘ఉందా, లేదా’ అన్న ప్రశ్న అలా సమాచారంలోకి నడిచి వచ్చింది.

వెతుకులాట యంత్రం గుండెకాయ కూడా ఆ ప్రశ్నే. పుస్తకం మనకు పుట చూపిస్తుంది, పుటలో మాటలుంటాయి. సూచిక దీన్ని తిరగేస్తుంది. మాట చెబితే పుటలు చెబుతుంది. 1972లో కేంబ్రిడ్జ్‌లో పరిశోధకురాలు కరెన్ స్పార్క్ జోన్స్ దీనికి ఒక తూకం కలిపింది. ప్రతి పుస్తకంలోనూ కనిపించే మాటకు విలువ తక్కువ, అరుదైన మాటకు ఎక్కువ. ‘ఇల్లు’ అంటే ఏ పుస్తకమైనా రావచ్చు, ‘పడుగు’ అంటే కొన్నే వస్తాయి. ఇంత సులువైన ఆలోచన ఈనాటికీ వెతుకులాట యంత్రాల్లో బతికే ఉంది.

సొంత పుస్తకాలకు ఇదంతా అందుబాటులోకి రావడంలో ఒక భారతీయుడి చెయ్యి ఉంది. 2006లో సోనీ ఒక ఈ-బుక్ రీడర్ తెచ్చింది. అది లినక్స్‌తో పనిచేసేది కాదు. అప్పట్లో కాల్‌టెక్‌లో చదువుతున్న కోవిద్ గోయల్ దాన్ని పనిచేయించే ప్రోగ్రామ్ తానే రాసుకున్నాడు. 2008లో దాని పేరు కాలిబర్‌గా మారింది. ఇప్పుడది ఉచితంగా దొరికే పుస్తకాల గుమాస్తా. 2022లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి పుస్తకాల లోపలి పాఠాన్నీ వెతుకుతుంది.

ఏజెంట్ అనేది దీని మీద వచ్చిన కొత్త అంతస్తు. భాషా మోడల్ మామూలుగా తాను నేర్చుకున్నదాని నుంచి జవాబు చెబుతుంది. మా బీరువా దానికి తెలియదు. జవాబుకు ముందు వెతికి తెచ్చిన పాఠాన్ని దాని ముందు పెట్టే పద్ధతిని 2020లో పాట్రిక్ లూయిస్ బృందం వివరించింది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను విడుదల చేశాక, ఒకరు రాసిన సాధనాన్ని వేరొకరి మోడల్ వాడుకోవడం సులువైంది. సాధనం తన పేరు, చేయగల పని, తనకు ఏమి ఇవ్వాలో ముందుగా చెప్పుకుంటుంది. మోడల్ అడుగుతుంది, మన కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ వెతికి పేరాలు తెచ్చి ఇస్తుంది. చాలకపోతే మోడల్ మాట మార్చి మళ్లీ అడుగుతుంది. మనిషి బీరువా ముందు నిలబడి చేసే పనే ఇది.

తెలుగు దగ్గర మాత్రం నడక మందగిస్తుంది. సొంత గ్రంథాలయాల సాధనాల్లో చాలావాటికి అడుగున ఉండేది ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్. దాని మామూలు అమరికలో అక్షరాలు, అంకెలే మాటలో భాగం. తెలుగు గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా మాటను తెంపే గీతలవుతాయి. ‘మగ్గం’ దానికి ‘మగ’, ‘గ’ అనే రెండు ముక్కలు! ఒక్క అమరిక మార్చితే ఇది సరిపోతుంది, కానీ మార్చాలని తెలియాలి. ఆ తరువాత విభక్తులు. మగ్గాన్ని, మగ్గాల, మగ్గంమీద: మనకు ఒకటే మగ్గం, సూచికకు మూడు మాటలు. స్కాన్ బొమ్మలోంచి అక్షరాలు గుర్తించే ప్రోగ్రామ్ అయితే ‘మ’ను ‘వు’గా చదివి ‘వుగ్గం’ అని రాసుకుంటుంది. ఆ పుట బీరువాలో ఉండి కూడా లేనట్టే. నా బాధంతా ఇక్కడే. మోడళ్లు ఎంత తెలివి మీరినా, అచ్చు పుటను తప్పుల్లేకుండా అక్షరాల్లోకి దింపే పని ఎవరో ఒకరు ఓపికగా చెయ్యకపోతే తెలుగు పుస్తకం వాటికి కనిపించదు. సూరత్‌లోనే పుట్టిన కవి నర్మద్ 1873లో గుజరాతీకి ‘నర్మకోశ్’ అనే నిఘంటువు అందించాడు. మాట వెనుక మాట పేర్చిన అలాంటి శ్రమే ఇప్పుడు మనకు కావాలి.

అర్థాన్ని బట్టి వెతికే పద్ధతి కొంత ఆదుకుంటుంది. పేరాను కొన్ని వందల సంఖ్యల వరుసగా మార్చి, దగ్గరి భావాలున్న వరుసలను పక్కపక్కన చేరుస్తారు. నా ప్రశ్నకు ఏజెంట్ మొదట ‘గంజి’ అని వెతికింది. వచ్చినవన్నీ కరువు కథలు, గంజి కేంద్రాలు, ఆకలి. అవి చూసి అది ‘పడుగు’ కలిపింది. తరువాత ‘నూలు ఆరబెట్టడం, వాన భయం’ అని భావంతో అడిగింది. మూడోసారి ఒక పేరా వచ్చింది, పుట 81 అంది.

నేను అక్కడితో ఆగను. ఇంతకుముందు ఒకసారి సాధనం ఇవ్వని పుట సంఖ్యను మోడల్ తానే కల్పించి చెప్పింది. అప్పటి నుంచి మూల వాక్యాన్ని ఉన్నదున్నట్టు చూపించమంటాను, అచ్చు పుస్తకం ఉంటే తీసి చూస్తాను. ఈ పుస్తకం బీరువాలో ఉంది. 81లో వేరే కథ నడుస్తోంది. ఏజెంట్ లెక్క స్కాన్ చేసిన బొమ్మలది. అట్ట, పీఠిక, విషయసూచిక కలిసి ముందే పద్దెనిమిది బొమ్మలు పోయాయి. 63కు తిప్పాను.

గంజి ఉంది, మబ్బు ఉంది. ఆకాశం వైపు చూస్తున్నది ఆడవాళ్లు కాదు, పడుగు చివర కొయ్య పట్టుకున్న పిల్లవాడు.